మోగాల్సింది ఆ రోజు కాదు

సంక్రాంతి వచ్చిందని చెప్పడానికి ఫోను అక్కర్లేదు. వీధిలో ముగ్గులు చెబుతాయి, పక్కింటి అరిసెల పాకం చెబుతుంది. ఫోను చెప్పాల్సిన మాట వేరే ఉంది, అదీ నవంబరులోనే చెప్పాలి. రైల్వేవాళ్లు 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్‌ను 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. అంటే జనవరి 12న ఊరికి బయలుదేరాలనుకునేవాడికి అసలు ముహూర్తం నవంబరు 13, ఉదయం ఎనిమిది గంటలు. పండగ ముందు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో గోదావరిలోనో బెర్తులు ఎంతసేపు ఉంటాయో ఒకసారి ప్రయత్నించినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు జనవరి 12 గడిలో 'ఊరికి ప్రయాణం' అని రాసుకుని ఏం లాభం?

క్యాలెండర్ యాప్ వల్ల ఉపయోగం లేదనేవాళ్ల ఫోన్లు చూస్తే చాలావరకు ఇదే తంతు. తేదీలు రాస్తారు, పనులు రాయరు. పాస్‌పోర్టు గడువు తీరే రోజును గుర్తు పెట్టుకుంటారు. చాలా దేశాలు ఇంకో ఆరు నెలల గడువైనా మిగిలి ఉండాలంటాయి కాబట్టి, ఆ గంట ఏడాది ముందు మోగితేనే పని జరుగుతుంది. గూగుల్ క్యాలెండర్‌లో ఇంకో మెలిక ఉంది. నోటిఫికేషన్‌ను నాలుగు వారాలకు మించి ముందుకు జరపనివ్వదు. అందుకే టికెట్ల పనిని నవంబరు 13నే విడిగా రాసుకోవాలి. అదీ 'టికెట్లు' అని ఒక్క ముక్కలో కాదు. 'ఎనిమిదింటికి సంక్రాంతి టికెట్లు, నలుగురికి, పాస్‌వర్డ్ ముందే సరిచూసుకో' అని రాసి ఏడూ ముప్పావుకు మోగించాలి. రెండు నెలల కింద మనమేం తలచుకుని రాశామో ఆ పొద్దున మనకు గుర్తుండదు.

మన ఇళ్లలో అసలు చిక్కు తిథులతో. 'ప్రతి సంవత్సరం' అన్న మీట నొక్కితే యాప్ ఇంగ్లీషు తేదీని పట్టుకుని తిరుగుతుంది. పుట్టినరోజులకు అది చాలు, తద్దినాలకు చాలదు. వినాయక చవితినే చూడండి. 2024లో సెప్టెంబరు 7న, 2025లో ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబరు 14. ఒక ఏడు పదకొండు రోజులు వెనక్కి, మరుసటి ఏడు ఏకంగా పద్దెనిమిది రోజులు ముందుకు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడడం వల్ల వచ్చిన తేడా ఇది. అధికమాసం గొడవ తెలియని ఆ మీట నిరుటి తేదీనే భక్తిగా మోగిస్తుంది. పండగైతే పేపరూ టీవీ చెబుతాయి, మనింటి తద్దినం ఎవరు చెబుతారు?

అందుకని మా ఇంట్లో ఉగాదికి కొత్త పంచాంగం వచ్చాక ఒక పూట ఈ పనికే పోతుంది. అమ్మ కళ్లజోడు సర్దుకుని పంచాంగం తిప్పుతుంది, నేను ఫోను పట్టుకుంటాను.

"మీ నాన్నగారిది కార్తీక బహుళ షష్ఠిరా. అపరాహ్ణానికి షష్ఠి ఉందా లేదా అన్నది ముఖ్యం. పొద్దున ఉంటే చాలదు."

"ఉంది. రాసేశాను."

"రాస్తే సరా? శాస్త్రిగారికి ముందు చెప్పొద్దూ? భోక్తలు దొరకొద్దూ?"

ఆవిడ ఏనాడూ యాప్ తెరవలేదు గానీ దాని కిటుకు ఆవిడకే బాగా తెలుసు. ఇప్పుడు ప్రతి తద్దినానికీ పది రోజుల ముందు 'శాస్త్రిగారికి ఫోను' అని ఇంకో పద్దు పడుతుంది. పేరు పక్కన తిథి కూడా రాస్తాను, వచ్చే ఉగాదికి మళ్లీ అడగనవసరం లేకుండా. డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఈ క్యాలెండరే పంచుకున్నాం గానీ, తిథిని ఉన్న ఊరి సమయాన్ని బట్టి చూడాలి కాబట్టి వాడికి ఒక్కోసారి రోజు మారుతుంది. వాడి తేదీ వాడే రాస్తాడు.

వాడితో ఆదివారం మాటలకూ ఒక తిరకాసు ఉండేది. వాళ్ల పొద్దున్న తొమ్మిది మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారతాయి. ఆ పద్దును మన సమయంలో కాకుండా డాలస్ టైమ్ జోన్‌లో పెడితే మన వైపు గంట దానంతటదే జరుగుతుంది. ఇది తెలిశాక "వీడింకా చేయలేదేమిట్రా" అన్న కంగారు తగ్గింది.

చిన్న హెచ్చరిక: నెలనెలా 31న రావాలని పెట్టిన పని ఏడాదికి ఏడుసార్లే వస్తుంది. అద్దె లాంటివి ఒకటో తేదీకి మార్చుకోవడం మేలు. సెలవుల జాబితాలో అన్ని దినాలూ కాకుండా ప్రభుత్వ సెలవులు మాత్రమే కనబడే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంది. రంగురంగుల లేబుళ్ల సరదా నాకు లేదు. వాటితో అలంకరించడానికి పట్టే సమయంలో పని అయిపోతుంది.

ఇక వెంకట్రామా క్యాలెండర్ వంటింటి గోడకు వేలాడిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఒక సంగతి గుర్తుండాలి. దాని మీద రాబోయేవాటి కన్నా అయిపోయినవే ఎక్కువ రాసేవాళ్లం. పాలు రాని రోజుకు సున్నా, సిలిండర్ వచ్చిన రోజున 'గ్యా'. చాకలి పద్దు కూడా అక్కడే. ఫోన్‌లోకి వచ్చేసరికి ఆ అలవాటు పోయింది, వెతికే సౌకర్యం ఇక్కడే ఉండగా. అయిన పనిని అయిన రోజునే రాసి ఉంచితే, తర్వాత 'గ్యాస్' అని కొడితే చాలు, సిలిండర్ ఎన్నాళ్లు వచ్చిందో వరసగా కనబడుతుంది. మొన్న నీళ్ల ఫిల్టరు కుర్రాడు వచ్చి, "ఏడాది దాటిపోయింది సార్, లోపలివన్నీ మార్చాల్సిందే" అన్నాడు. 'ఫిల్టరు' అని కొట్టి చూపించాను. అయిదు నెలలే.

"మీ దగ్గర రాసి ఉందా సార్!" అని సామాను మళ్లీ సంచిలో సర్దుకున్నాడు.