రివర్బ్ ముద్దగా వినిపిస్తోందా?

సొంతంగా కట్టుకున్న ట్యూబ్ ఆంప్‌లో రివర్బ్ ముద్దముద్దగా వస్తే చాలామంది ముందు స్ప్రింగ్ ట్యాంకే మార్చేస్తారు. దాని జోలికి వెళ్లకముందు డ్రైవర్ ట్యూబ్ గ్రిడ్‌కి వెళ్లే చిన్న కెపాసిటర్ చూడండి. 1960ల నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లో అది 500 పికోఫారడ్లే. పక్కనున్న 1 మెగాఓమ్ రెసిస్టర్‌తో కలిసి దాదాపు 318 హెర్ట్జ్ కిందున్న మంద్రాన్ని తగ్గించేస్తుంది. ఆ మంద్రం స్ప్రింగుల్లోకి దిగితే అంతా గుయ్యిమంటుంది.

నేనైతే 220 పెట్టుకున్నాను. తీగ మీటి వదిలేస్తే ప్రతిధ్వని సన్నగా, తేటగా సాగుతోంది. ఎంత హాయిగా ఉందో! సర్ఫ్ సంగీతం వాయించేవాళ్లు మాత్రం 500నే ఉంచుకోండి, ఆ నిండుదనం వేరు.

షాసీ లోపల పని మొదలుపెట్టేముందు ఫిల్టర్ కెపాసిటర్లు తప్పకుండా డిశ్చార్జ్ చేయండి. ప్లగ్ పీకేశాక కూడా వాటిలో 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు.