కాలువ కట్టిన రోజులు

నాన్నగారు మా ఇంటికి వచ్చిన రోజున చేసిన మొదటి పని గోడలు తట్టి చూడటం.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక సందులో, నాలుగో అంతస్తులో మా ఇల్లు. పైన డాబా తప్ప మరేమీ లేదు. నిరుడు మార్చిలో వైద్యం కోసం ఆయనను నిడదవోలు దగ్గరి మా ఊరినుండి తీసుకువచ్చాను. సంచి కింద పెట్టి, మంచినీళ్లు తాగి, వేలి కణుపుతో పడకగది గోడను అడుగడుగునా కొట్టుకుంటూ వెళ్లారు. ఒక మూల ఆగి, "ఇక్కడ చెమ్మ తాగిందిరా" అన్నారు. నిజమే. ప్రతి వానాకాలం ఆ మూల ఉబ్బుతుంది, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. మేము దసరాకు రంగు వేయించి ఆ సంగతి మరచిపోతాము.

ఆయనకు ఎనభై రెండేళ్లు. పదిహేనో ఏట పడవ ఎక్కి, నలభై రెండో ఏట దిగారు. దిగి నలభై ఏళ్లయినా ఆ వేలు మాత్రం చెక్కను తట్టడం మానలేదు.

వారానికి రెండుసార్లు పంజాగుట్టలోని ఆసుపత్రికి తీసుకువెళ్లేవాణ్ణి. మెట్రోలో ఒక్క స్టేషను దూరం. అమీర్‌పేట స్టేషనులో రెండు మార్గాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కదా, లిఫ్టు ఎక్కక తప్పదు. ఆయన లిఫ్టులో నిలబడి, తలుపులు మూసుకోవడం, పైకి లేవడం, అవతల తలుపులు తెరుచుకోవడం చూసి, "లాకే కదా!" అన్నారు. నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. పల్లపు నీటినుండి పడవ లాకులోకి వస్తుంది. వెనుక తలుపులు మూస్తారు. పైనుండి నీళ్లు వదులుతారు. పడవ దానంతట అదే లేస్తుంది. నీళ్లు సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. విజ్జేశ్వరం లాకులో కొన్ని వందలసార్లు అలా లేచిన మనిషికి, అమీర్‌పేటలో వింతపడవలసినది ఏముంది?

ఒక సాయంత్రం మా అబ్బాయి ఫోనులో ఏదో వీడియో చూస్తుంటే ఆయన కూడా వంగి చూశారు. ఇంగ్లండు కాలువల మీద సన్నపాటి పడవలో కాపురముంటున్న ఒక స్త్రీ తన దినచర్య చూపిస్తోంది. ఆ దేశంలో చాలా లాకుల వెడల్పు ఏడడుగులే కనుక ఆ పడవలు కూడా ఏడడుగుల లోపే ఉంటాయి. పొడవు మాత్రం డెబ్బై అడుగులదాకా పోతుంది. ఒకప్పుడు బొగ్గు మోసిన పడవలు అవి. ఇప్పుడు వేలమందికి ఇళ్లు. బొగ్గుపొయ్యి, నీళ్ల తొట్టి, మోసుకెళ్లి పారబోసుకోవలసిన మరుగుదొడ్డి డబ్బా. సొంత రేవు లేనివాళ్లు మామూలుగా పద్నాలుగు రోజులకు మించి ఒకచోట ఆగకూడదు. మావాడు ఇదంతా అనువదించి చెబుతుంటే నాన్నగారు విని, ఒకే ప్రశ్న వేశారు.

"కింద తారు ఎన్నాళ్లకోసారి వేస్తారంట?"

రెండు మూడేళ్లకొకసారి నీళ్లలోనుండి పైకి తీసి వేస్తారని తెలిసింది. ఆయన పెదవి విరిచారు. ఇనుము కదా అని నేను సమాధానం చెప్పాను. ఆ ఇనుము తుప్పు పట్టకుండా అడుగున మెగ్నీషియం దిమ్మలు బిగిస్తారట, నీళ్లు ముందు వాటిని తింటాయట, అవి అరిగిపోతే మారుస్తారట. అది విన్నాక మాత్రం ఆయన ముఖం వెలిగింది. "అది తెలివి" అన్నారు.

ఆ రాత్రినుండి ఆయన చెప్పడం మొదలుపెట్టారు. నేను మొదట వింటూ ఊరుకున్నాను. మూడో రోజున కాగితం, కలం తెచ్చుకున్నాను.

మా పడవ నలభై అడుగుల పొడవు, మధ్యలో తొమ్మిదడుగుల వెడల్పు. నూరు బస్తాల ధాన్యం పైన పట్టేది. ముందు భాగం అణియం, వెనుక భాగం అమరం. అమరంలో చుక్కాని, దాని ముందు వెదురు తడికెలతో, తాటాకుతో కప్పిన గూడు. ఆ గూడే ఇల్లు. పెళ్లయిన కొత్తలో అమ్మ ఆరేళ్లు అందులోనే కాపురం చేసింది. చెక్కపెట్టెలో ఇసుక పోసి, దాని మీద మట్టి పొయ్యి. గాలి ఎటునుండి వీస్తున్నదో చూసుకుని పొయ్యి తిప్పుకోవాలి, పైన ఉన్నది తాటాకు కనుక. కాలువ నీటిని కుండలో పోసి, లోపలి అంచున చిల్లగింజ అరగదీసి వదిలేస్తే తెల్లవారేసరికి మడ్డి అడుగుకు దిగేది. ఆ తేటనీళ్లే తాగడానికీ, వంటకూ. మిగిలిన అవసరాలన్నీ గట్టు మీదనే, చీకటి ఉండగానే. పిల్లవాడు పాకడం మొదలుపెట్టాక నడుముకు మెత్తటి గుడ్డ కట్టి, ఆ గుడ్డను గూటి రాటకు కట్టేవారు. ఆ పిల్లవాణ్ణి నేనే.

తెల్లవారుతూనే మొదటి పని అడుగున చేరిన నీరు తోడటం. ఎంత పని ఉన్నా, జ్వరం వచ్చినా అది ఆగకూడదు. నూనె డబ్బాతో తోడుతూ లెక్కపెట్టాలి. నిన్న ఇరవై డబ్బాలు, ఇవాళ ఇరవై ఎనిమిది అయితే ఎక్కడో ఒక సందు నోరు తెరిచిందన్నమాట. బస్తాలు జరిపి, ఆ చోటు వెదికి, నూనెలో నానిన నూలు దూర్చి తాత్కాలికంగా మూయాలి. తరువాత మోకులు. తాడును చేతిలో వెనక్కి మెలితిప్పి లోపలి పోగులు చూడాలి, పైకి బాగున్న తాడే తెగుతుందట. గాలి అనుకూలిస్తే తెరచాప, లోతు తక్కువైతే గెడ, ఎదురునీటికి గట్టు మీద ఇద్దరు మనుషులు భుజానికి తాడు వేసుకుని లాగడం.

అసలు పని వేసవిలో ఉండేది. ఏప్రిల్ వచ్చేసరికి కాలువలు కట్టేసేవారు, అంటే నీళ్లు ఆపేసేవారు. పూడిక తీయడం, లాకుల మరమ్మతు అప్పుడే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు తవ్విన నాటినుండీ డెల్టాలో రైతుకూ, పడవవాడికీ సంవత్సరం అలాగే విభజించబడింది. పడవలను గట్టుకు ఎక్కించి, ఒక పక్కకు వాల్చి, నాచు గీకి, తాటాకు మంట చూపించి అడుగు ఆరబెట్టేవారు. పలక పలకా తట్టి చూసేవారు. గట్టి చెక్క ఒక రకంగా, లోపల పుచ్చిన చెక్క మరొక రకంగా పలుకుతుంది. పాత నూలు లాగేసి, కొత్త నూలు ఉలితో సందుల్లో దట్టించి, గుగ్గిలం దంచి నూనెలో కాచి పైన పూసేవారు. అడుగంతా తారు. ఇద్దరు మనుషులకు పది రోజుల పని.

ఆ తరువాత చేసేదే నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. అంత కష్టపడి బాగుచేసిన పడవను తీసుకుపోయి, కాలువ మడుగులో మిగిలిన నీళ్లలో ముంచేసేవారు! మే నెల ఎండకు వదిలేస్తే పలకలు బీటలు వారి, కొత్త నూలు ఊడిపోతుంది. నీళ్లలో ఉంటే చెక్క ఉబ్బి సందులు వాటంతట అవే బిగుసుకుంటాయి. జూనులో నీళ్లు వదిలినప్పుడు తోడి తేల్చుకోవడమే. "మునిగిన పడవ చెడదురా, ఎండిన పడవ చెడుద్ది" అన్నారు నాన్నగారు.

ఇంగ్లండులో కూడా కాలువల కథ ఒక దశలో ముగిసినట్టే కనిపించింది. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు క్రెసీ అనే పాత పడవలో కాపురముండి, ఆ అనుభవాన్ని 1944లో పుస్తకంగా అచ్చువేశాడు. దానిని చదివిన రాబర్ట్ ఐక్‌మన్ అతనికి ఉత్తరం రాశాడు. 1946లో ఇద్దరూ మరికొందరితో కలిసి కాలువల రక్షణకు ఒక సంఘం పెట్టారు. మా అబ్బాయి ఫోనులో కనిపించిన స్త్రీ ఆ లాకులగుండా ఈనాడు వెళ్లగలగడంలో ఆ ఉత్తరానికి కూడా భాగముంది.

ఉత్తరం అన్నాను కనుక, ఇంతవరకు ఎవరికీ చెప్పని ఒక సంగతి ఇక్కడ చెప్పాలి.

1974లో రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరి మీద రోడ్డు, రైలు వంతెన వచ్చింది. లారీలు నేరుగా నది దాటడం మొదలయ్యాక ధాన్యం పడవకు ఎందుకు వస్తుంది? మా కాలువ మీద పడవలు ఏటేటా తగ్గిపోయాయి. 1984 వేసవిలో నేను ప్రవేశపరీక్షకు చదువుకుంటూ ఇదే పంజాగుట్టలో బంధువుల ఇంట్లో ఉన్నాను. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాశాను. మాకు సెంటు భూమి లేదు. ఏప్రిల్ చివర నాన్నగారినుండి కార్డు వచ్చింది. "కాలువ కట్టినారు. పడవ గట్టెక్కించినాము. మనిషి దొరకలేదు. పది రోజులు రాగలవా." పరీక్ష అప్పటికే అయిపోయింది. నేను వెళ్లవచ్చు. చేతులకు తారుతో, ఊరివాళ్ల ఎదుట పడవ కింద పడుకోవడం ఇష్టంలేక వెళ్లలేదు. వీలుకాదని కూడా రాయలేదు. కార్డు అందనట్టే ఊరుకున్నాను. ఆ ఏడాది అడుగు సగమే బాగుచేయగలిగారు. మరుసటి ఏడు పడవను కలప ధరకు అమ్మేశారు. రెండు పలకలు మాత్రం ఉంచుకుని వంటింటికి తలుపు చేయించారు. ఆ తలుపు ఇప్పటికీ ఉంది, వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటుంది.

ఆ కార్డు సంగతి నలభై ఏళ్లు మా ఇద్దరి మధ్యా రాలేదు. ఆసుపత్రినుండి తిరిగి వస్తూ, పంజాగుట్ట స్టేషనులో బండి కోసం కూర్చున్నప్పుడు నేనే ఎత్తాను.

"అందింది నాన్నా ఆ కార్డు. నేనే రాలేదు."

ఆయన పట్టాల వంక చూస్తూ, "తెలుసురా. రాకపోవడమే మంచిదయింది. నువ్వొచ్చి ఉంటే ఇంకో నాలుగేళ్లు నడుపుదామని అప్పు చేసేవాణ్ణి. ఆ అప్పు నీ చదువుని తినేసేది" అన్నారు.

నాకు ఊరట కలగవలసింది. కలిగేలోపే ఆయన మళ్లీ అన్నారు.

"జవాబు మాత్రం రాయాల్సింది. రోజూ పోస్టు టైముకి గట్టెక్కేవాణ్ణి."

బండి వచ్చింది. ఎక్కాము.

ఆ తరువాతి ఆదివారం ఆయన పట్టుబట్టి మా అపార్టుమెంటువాళ్లను డాబా మీదకు పిలిపించారు. "వానలు పడనివ్వండి పెద్దాయనా, ఎక్కడ కారుతుందో అప్పుడు తెలుస్తుంది, బాగుచేయిద్దాం" అన్నారు పక్కింటాయన. నాన్నగారు ఒప్పుకోలేదు. కారేటప్పుడు తెలుస్తుంది గాని చేయడానికి వీలుండదు, ఎండగా ఉన్నప్పుడే చేయాలి అన్నారు. నీళ్లు పోయే తూములన్నీ గుడ్డలతో మూయించి, డాబా నిండా రెండంగుళాల నీళ్లు నిలబెట్టించారు. మే నెలలో అంత నీరు వృథా చేస్తున్నందుకు మా ఆవిడ బాధపడి, "మావయ్యగారూ, ట్యాంకరు వచ్చి రెండు రోజులయింది" అంది. "ముంచితే గాని తెలియదమ్మా" అన్నారు ఆయన. మరునాటికి పిట్టగోడ మొదట్లో, వెంట్రుకంత సందు బయటపడింది. మేస్త్రీ సిమెంటులో వాటర్‌ప్రూఫింగు మందు కలిపి పూస్తుంటే, ఆయన గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చుని, చివరిదాకా కదలలేదు.

జూనులో కాలువకు నీళ్లు వదిలే రోజులకు ఆయన ఊరు వెళ్లిపోయారు. వెళ్లేముందు కుళాయి తిప్పి, ఈ నీళ్లు ఎక్కడివని అడిగారు. ఈ ఊరికి కృష్ణా, గోదావరీ రెండూ పైపుల్లో వస్తాయని చెప్పాను. "ఏలూరు కాలువలో కలిసేవి. ఇక్కడా కలిశాయన్నమాట" అని కుళాయి గట్టిగా కట్టేశారు.

మిత్రులారా, నా దగ్గర ఇప్పుడు పదిహేడు పేజీల కాగితాలు ఉన్నాయి. పడవ భాగాల పేర్లు, ముడుల పేర్లు, గుగ్గిలానికి నూనె పాళ్లు. సగం నాన్నగారి మాటలు, సగం నేను సరిగా వినక తప్పుగా రాసుకున్నవి. మీ ఇళ్లలో కాలువ మీద బ్రతికిన పెద్దలు ఎవరైనా ఉంటే, అది ఏలూరు కాలువ కానీ, కాకినాడ కాలువ కానీ, బకింగ్‌హామ్ కాలువ కానీ, ఈ వేసవిలోనే అడిగి రాసిపెట్టండి. వానలదాకా ఆగకండి.

జూలైలో మొదటి పెద్దవాన కురిసిన రాత్రి నేను ఆ మూలకు వెళ్లి గోడ తట్టాను. ఏ మోత గట్టిదో, ఏది పుచ్చుదో నాకు తెలియలేదు. ఊరికి ఫోను చేసి, ఫోనును గోడకు ఆనించి మళ్లీ తట్టాను.

"ఇంకొంచెం కిందకి" అన్నారు నాన్నగారు. తట్టాను.

"ఇంకొంచెం."