గోడ పక్క కబుర్లు: రైలొచ్చింది, ఎక్కేదెప్పుడు?

వదినగారూ, పనయిందా? కాస్త ఇలా గోడ దగ్గరికి రండి. పొద్దున మీ అమ్మాయి చిన్నబుచ్చుకున్న మొహంతో వెనక్కొచ్చి, ఆటో మాట్లాడుకుని వెళ్లడం చూశాను. "ఏమ్మా, మెట్రో లేదా?" అంటే, "ఉందత్తా, ఎక్కడానికే చోటు లేదు" అంది. పాపం, నెలకి ఎంత పోతుందో ఆటోలకే!

దాని తప్పేం లేదులెండి. మియాపూర్‌లో బయల్దేరిన రైలు కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ, ఈఎస్‌ఐ ఆసుపత్రి అన్నీ దాటుకుని మన ఎస్.ఆర్. నగర్ చేరేసరికి తలుపు దగ్గరే జనం నిలబడి ఉంటారు. తర్వాతి స్టేషన్ అమీర్‌పేట. రాయదుర్గం వైపు వెళ్లేవాళ్లు అక్కడ దిగి మారాలి కాబట్టి ఎవరూ లోపలికి జరగరు. ఆ ఒక్క స్టేషన్ దూరానికి మన పిల్లలు రోజూ కుస్తీ పట్టాలి.

మొన్న మీరో మాటన్నారు చూడండి, "కొత్త పెట్టెలు తెస్తాం తెస్తామని ఏళ్లుగా అంటున్నారు, డబ్బిచ్చి తెచ్చుకోవడానికి ఇంతకాలమా?" అని. మీరు కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చేసరికి మెట్రో తిరుగుతోంది కాబట్టి అలా అనిపిస్తుంది. మేం ముందు నుంచీ చూశాం. రైలు కొనడం వేరు, అది ఊళ్లోకి రావడం వేరు, అందులో మనం కూర్చోవడం వేరు వదినగారూ. ఈ మూడింటికీ మధ్య ఏళ్లు గడుస్తాయి.

మెట్రో కట్టి నడపడానికి ఎల్ అండ్ టీ వాళ్లతో ప్రభుత్వం ఒప్పందం రాసుకున్నది 2010 సెప్టెంబరు 4న. 2012 సెప్టెంబరులో కొరియాలోని హ్యుండాయ్ రోటెమ్ కంపెనీకి 57 రైళ్లు చేసిపెట్టమని ఆర్డరిచ్చారు. రైలుకి మూడు పెట్టెల చొప్పున మొత్తం 171 పెట్టెలు. మొదటి రైలు ఓడెక్కి చెన్నై రేవుకొచ్చి, అక్కణ్ణుంచి పెద్ద పెద్ద ట్రైలర్ల మీద రోడ్డు దారిన 2014 మేలో ఉప్పల్ డిపో చేరింది. పేపర్లో ఆ ఫొటో చూసి మా కాలనీలో అందరం ఇంకేముంది, ఎక్కేస్తాం అనుకున్నాం. నాగోలు నుంచి మెట్టుగూడ దాకా 8 కిలోమీటర్లు 2015 ఉగాదికే మొదలుపెడతారని కూడా అన్నారు. ఆ ఉగాది వెళ్లింది, తర్వాతి ఉగాదీ వెళ్లింది.

ఇక మన సంగతి వినండి. మియాపూర్ నుంచి ఎస్.ఆర్. నగర్ వరకు 12 కిలోమీటర్లకి 2016 ఆగస్టులోనే సేఫ్టీ కమిషనర్ గారు ప్రయాణికులను ఎక్కించుకోవచ్చని కాగితం ఇచ్చేశారు. స్టేషన్ ఉంది, పట్టాలున్నాయి, కరెంటుంది, అనుమతీ ఉంది. మన తలల మీదుగా రైలు ఖాళీగా వెళ్లేది, ఖాళీగా వచ్చేది. కింద ఉమేశ్ చంద్ర విగ్రహం దగ్గర పఠాన్‌చెరు-కోఠి 218 బస్సు కోసం ఎండలో నిలబడ్డవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. జనం ఎక్కింది 2017 నవంబరు 29న. అంటే అనుమతి వచ్చాక కూడా ఏడాదీ మూడు నెలలు! ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఎందుకు ఆపారంటారా? అమీర్‌పేట కలవలేదు కాబట్టి. నాగోలు ముక్క అటు, మన ముక్క ఇటు, మధ్యలో మెట్టుగూడ నుంచి అమీర్‌పేట మీదుగా ఎస్.ఆర్. నగర్ దాకా 10 కిలోమీటర్లు మిగిలిపోయింది. ఆస్తుల సేకరణ, రైల్వే లైన్ల మీదుగా వంతెనలు, కోర్టు కేసులు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక దారి మార్చాలన్న చర్చ ఇంకోటి. తునకలుగా నడిపితే జనం ఎక్కరు, నష్టం వస్తుంది, మొత్తం 30 కిలోమీటర్లూ ఒకేసారి తెరుద్దాం అనుకున్నారు. ఆ లెక్కలో కొంత నిజం ఉంది, కాదనను. మెట్టుగూడలో దిగి మళ్లీ బస్సెక్కాలంటే ఎవరెక్కుతారు? కానీ మన వైపు 12 కిలోమీటర్ల సంగతి వేరు. కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకి వచ్చే పిల్లలే చాలు రైలు నిండడానికి. ఎస్.ఆర్. నగర్‌లో దిగితే ఆ సెంటర్లుండే మైత్రీవనం నడిచిపోయే దూరమేగా! ఆ ఏడాది వాళ్లకి దక్కకుండా పోయిందని నేను ఇప్పటికీ అంటాను.

చివరికి ఆ మిగిలిన 10 కిలోమీటర్లకీ 2017 నవంబరులో అనుమతి వచ్చింది. 28న ప్రధాని మోదీ మియాపూర్‌లో ప్రారంభించి, కూకట్‌పల్లి దాకా రైల్లో వెళ్లి వచ్చారు. తెల్లారి మామూలు జనానికి తెరిస్తే మొదటి రోజే రెండు లక్షల మందికి పైగా ఎక్కారు. జనం ఎంతగా ఎదురుచూశారో అంతకన్నా వేరే రుజువేం కావాలి?

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆలస్యాలన్నీ ఒక్కటి కావు. రైలు ఊళ్లోకొచ్చాక పరీక్షలకు పట్టే కాలాన్ని నేను తప్పు పట్టను. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ వాళ్లు వస్తారు. జనం బరువుకి సరిపడా ఇసుక బస్తాలు పెట్టెల్లో పేర్చి నడుపుతారు. వేగం మీద ఎంత ఊగుతోంది, ఒక్కసారిగా బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతోంది, అన్నీ కొలుస్తారు. మన దగ్గర సిగ్నళ్లు కూడా కొత్త రకం. రైలుకీ కంట్రోల్ రూముకీ మధ్య రేడియో సంకేతాలు నడుస్తూ ఉంటాయి, ముందు రైలు ఎక్కడుందో వెనక రైలుకి తెలుస్తుంది. దేశంలో మెట్రోలకి ఆ పద్ధతి తెచ్చిన తొలి ఊళ్లలో మనదొకటి. దాన్ని తీరిగ్గా పరీక్షించకుండా ఎవరు ఎక్కించుకుంటారు? చివర్లో కాగితం ఇచ్చే సేఫ్టీ కమిషనర్ రైల్వే శాఖ కింద కూడా ఉండరు, విమానయాన శాఖ కింద ఉంటారు. రైళ్లు నడిపేవాళ్ల ఒత్తిడి ఆయన మీద పడకూడదని ఆ ఏర్పాటు. మన పిల్లలు ఎక్కే రైలు కదండీ, ఇంకో నెల పట్టినా ఆ పని మాత్రం పూర్తిగా చేయాలి.

నాకు కోపం వచ్చేది పరీక్షలకి ముందూ వెనకా జరిగే ఆలస్యం మీద.

బెంగళూరులో మా ఆడపడుచు వాళ్లబ్బాయి ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తాడని చెప్పానుగా. అక్కడ ఎల్లో లైనుది ఇంకో రకం బాధ. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు కట్టేసి కూర్చున్నారు, రైళ్లే లేవు. 2019లో చైనా కంపెనీకి ఆర్డరిచ్చారు. 2020లో సరిహద్దు గొడవలయ్యాక ఆ దేశం కంపెనీల మీద నిబంధనలు బిగిశాయి, ఇంజినీర్లకి వీసాలు దొరకడం కష్టమైంది, కోల్‌కతా దగ్గరి టిటాగఢ్ ఫ్యాక్టరీలో పెట్టెలు చేయాల్సొచ్చింది. మొదటి రైలు 2024 ఫిబ్రవరిలో వస్తే, జనం ఎక్కింది 2025 ఆగస్టులో. అదీ మూడంటే మూడు రైళ్లతో, 25 నిమిషాలకొకటి. మనకేమో పెళ్లికొడుకు విడిదిలో దిగాక మూడేళ్లకి పందిరి లేచింది, వాళ్లకేమో పందిరి లేచి పెళ్లికొడుకు రాలేదు.

మన సనత్‌నగర్ పక్కన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల సంగతీ అంతే. 2003 ఆగస్టులో మొదటి దశ మొదలైనప్పుడు ఎంత సంబరపడ్డాం! రెండో దశ 2012-13లో మంజూరైంది. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలి. ఆ వాటాల దగ్గర, రక్షణ శాఖ భూముల దగ్గర ఏళ్లు గడిచాయి. మేడ్చల్ వైపు రైలు 2023 ఏప్రిల్‌లో, మౌలాలి-సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్ రైలు 2024 మార్చిలో కదిలాయి. మంజూరైనప్పుడు బడికెళ్తున్న పిల్లలు ఉద్యోగాల్లో చేరాక వచ్చిందన్నమాట.

సరే, మళ్లీ మీ అమ్మాయి దగ్గరికి వస్తాను. ఇప్పుడు మెట్రో 69 కిలోమీటర్లు. రోజూ నాలుగు లక్షల పైమాటే జనం. రైళ్లు మాత్రం మొదట కొన్న ఆ 57. మూడేసి పెట్టెలే. స్టేషన్లలో ప్లాట్‌ఫారాలు ఆరు పెట్టెలకి సరిపోయేలా కట్టారు వదినగారూ! మీరీసారి ఎస్.ఆర్. నగర్ స్టేషన్‌లో చూడండి, రైలు ఆగాక ఇంకో రైలంత చోటు మిగిలిపోతుంది. రేపు జనం పెరుగుతారని కట్టినవాళ్లకి ఆనాడే తెలుసు. పెట్టెలు కొనాల్సిన వేళకి కరోనా వచ్చి 2020లో అయిదు నెలలకు పైగా మూసేశారు, నష్టాలు పేరుకున్నాయి, కంపెనీకి కొనే మనసు పోయింది. మధ్యలో నాగపూర్ మెట్రో నుంచి కొన్ని రైళ్లు అద్దెకి తెస్తారన్నారు, రాలేదు. 2025 మేలో ఛార్జీలు మాత్రం పెరిగాయి. కనీసం 10 ఉన్నది 11, ఎక్కువలో ఎక్కువ 60 ఉన్నది 69 అయింది. నిలబడే చోటు అంగుళం పెరగలేదు. 2025 సెప్టెంబరులో తొలి దశనంతా కంపెనీ నుంచి రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. సుమారు 13,000 కోట్ల అప్పు బరువు కూడా దాంతోపాటే వస్తుంది.

మెట్రో రెండో దశ గురించి ఎన్ని మ్యాపులు చూపించినా చూపించనివ్వండి, మంచిదే, అటు శివార్ల వాళ్లకీ రావాలి. కానీ ఆ లైన్లన్నీ చివరికి వచ్చి కలిసేది ఇప్పుడున్న వాటితోనేగా? జనాన్ని ఇంకా తెచ్చి అమీర్‌పేటలో దించితే, ఎక్కించుకునే రైలేది? ముందు ఉన్న లైన్ల మీద పెట్టెలు పెరగాలి. ఇది నా మాట.

మొదటిసారి ఆర్డరిచ్చాక రైలు రావడానికే ఇరవై నెలలు పట్టింది. ఈసారి సిగ్నళ్లున్నాయి, డిపోలున్నాయి, పట్టాలున్నాయి కాబట్టి అంత కాలం పట్టదు. అయినా తయారీకీ, పరీక్షలకీ కాలం కావాలిగా. అందుకే ఆర్డరు ఆలస్యమయ్యే ప్రతి నెలా మీ అమ్మాయి తలుపు దగ్గర నిలబడే నెల అవుతుంది.

కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు ఆదివారం కూర్చుంటారట. మీరూ రండి, అమ్మాయినీ తీసుకురండి, హాస్టళ్లలో ఉండే పిల్లల్ని కూడా పిలుద్దాం. రాసేది పెద్ద అర్జీ ఏం కాదు. ఎన్ని పెట్టెలకి ఆర్డరిచ్చారు, మొదటిది ఏ నెలలో డిపోకి వస్తుంది, పరీక్షలెప్పుడు, జనం ఎక్కేదెప్పుడు, ఈ నాలుగూ ప్రతి స్టేషన్‌లో టికెట్ కౌంటర్ పక్కన తెలుగులో రాసిపెట్టమని అడుగుదాం. తేదీ జరిగితే ఎందుకు జరిగిందో కూడా అక్కడే రాయమందాం. మీరు మొదటి సంతకం పెట్టండి వదినగారూ, రెండోది నాది.