ఈ స్కీలకు బొచ్చుంటుంది!

మంచు మీద జారాలంటే వేలకు వేలు పోసి స్కీలు కొనాల్సిందేనా? ఆల్టాయ్ పర్వతాల్లో అడిగితే నవ్వుతారు! చైనా, రష్యా, మంగోలియా, కజకిస్తాన్‌లు కలిసే చోటది. చైనా వైపు షిన్‌జియాంగ్‌లోని హేము, కనాస్ ఊళ్లలో తువా జనం స్కీలు సొంతంగా చేసుకుంటారు.

స్ప్రూస్ చెక్కను గొడ్డలితో చెక్కి, చిత్రిక పట్టి పలచన చేస్తారు. ముడి ఉన్న చెక్కయితే అక్కడే విరిగే ప్రమాదం. మొన పైకి లేవాలి కదా? పొడిగా వంచితే ఫట్! అందుకే మరిగే నీళ్లలో మెత్తబరిచి, మెల్లగా వంచి, ఆరేదాకా కట్టి ఉంచుతారు. తొందరపడి విప్పితే మొన మళ్లీ చదునైపోతుంది.

అసలు కిటుకు అడుగున ఉంది. గుర్రం తోలును తడి మీదే లాగి బిగిస్తారు. ఆరేకొద్దీ డప్పులా బిగుసుకుంటుంది. వెంట్రుకలు మాత్రం వెనక్కే వాలాలి. పిల్లి వీపు నిమిరి చూడండి, తెలుస్తుంది! దిగేటప్పుడు జర్రున జారుతుంది, ఎక్కేటప్పుడు మంచును పట్టేస్తుంది. తిరగేసి కట్టారో, ఇక కొండ ఎక్కినట్టే! చేతిలో రెండు కర్రలుండవు. ఒకటే పొడవాటి కర్ర. దాని మీద వెనక్కి వాలితే అదే బ్రేకు.

ఒకప్పుడు ఇవి లేనిదే చలికాలం వేట లేదు. ఇప్పుడు వేట నిషేధం. టూరిస్టులొచ్చి ఫొటోలు దిగుతున్నారు, బాగానే ఉంది. కానీ తోలు ఎంత లాగాలో, చెక్క ఎంత వంచాలో ఫొటో చూస్తే రాదు. పెద్దాయన పక్కన కూర్చుని గొడ్డలి పట్టే కుర్రాడు ఉన్నంతకాలమే ఈ స్కీలు.