అడయారు ఒడ్డున ఏడు ఉదయాలు

చెన్నపట్నంలో మూడు తరాలుగా కాపురముంటున్న మాబోటివారికి నది అంటే గోదావరో, కృష్ణో, పెన్నయో గాని అడయారు కాదు. బస్సు వంతెన దాటేటప్పుడు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకోవడంతో ఆ ఏటితో మా పరిచయం సరి. అటువంటిది, గడచిన రెండు నెలలుగా ప్రతి ఆదివారమూ మేము నలుగురం ఆ గట్టునే తిరుగుతున్నాము. కారణం చెబితే పాఠకులు నవ్వుతారేమో: మన సంఘంలోని పెద్దలకు వారం రోజులపాటు తాయ్ చీ నేర్పించాలని.

ఈ తలపు ఊరికే పుట్టలేదు. మన సభ్యులలో ఒక పెద్దమ్మగారు స్నానాలగదిలో కాలుజారి పడ్డారు. ఎముక అతుక్కొన్నది గాని ధైర్యం అతుక్కోలేదు. ఇప్పుడు గడప దాటాలన్నా గోడ పట్టుకొంటారు. లెక్క చూడగా ఇటువంటివారు మనలో పదకొండుమంది తేలారు.

తాయ్ చీ చీనావారి యుద్ధవిద్యే అయినా, నీళ్ళలో నడిచినట్లు మెల్లగా చేస్తారు. ఒంటి బరువును ఒక కాలిమీదినుంచి రెండవ కాలిమీదికి తెలిసి మార్చుకోవడమే అందులోని కిటుకు. దీనిని సాధన చేసే వృద్ధులలో పడిపోయేవారి సంఖ్య ఇంచుమించు అయిదోవంతు తగ్గవచ్చునని 2019లో వెలువడిన కొక్రేన్ సమీక్ష చెప్పింది. సామాన్యులకోసం చీనాలో 1956లో 24 భంగిమల వరుస నొకదానిని కూర్చారు. 2020లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది.

ఇక స్థలం సంగతి. మొదట ఏరు సముద్రంలో కలిసేచోటికి వెళ్ళాము. 1967లో కట్టి, 1977లో కూలిన బ్రోకెన్ బ్రిడ్జి అక్కడున్నది. గాలి, వెలుతురు, కొంగలు — అన్నీ బాగున్నవి. కాని పట్టుకొనేందుకు పిట్టగోడ లేదు, మరుగుదొడ్డి లేదు. పడతామని భయపడేవారిని అక్కడికి తీసుకొని పోలేము గదా!

అక్కడినుంచి దివ్యజ్ఞాన సమాజం తోటకు వెళ్ళాము. 1882లో సమాజంవారు ఈ తోటను కొన్నారు. మదనపల్లెలో పుట్టిన మన జిడ్డు కృష్ణమూర్తిగారు 1909లో పిల్లవాడుగా లెడ్‌బీటరు దొర కంటపడినది ఈ ప్రాంతంలోనే. పేరుమోసిన మర్రిచెట్టు మూలకాండం 1989 గాలివానకు కూలినా, ఊడల ఆసరాతో చెట్టు నిలిచే ఉన్నది. దానిని చూచి పెద్దమ్మగారి కుమార్తె చాలాసేపు కదలలేదు. అయితే అక్కడి నిశ్శబ్దాన్ని మన “ఒకటి, రెండు, మూడు”తో చెడగొట్టడానికి మాకే మనసొప్పలేదు.

వంతెన దాటితే అవతలి ఒడ్డున దుర్గాబాయమ్మగారి పేరిట రోడ్డు, ఆమె 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభవారి ఆవరణ ఉన్నవి. ఈ ఏటికీ మనకూ సంబంధం లేదనుకోవడం మన పొరపాటేనని అప్పుడు తోచింది.

చివరకు కోటూరుపురంలో ఏటికి ఎదురుగా ఉన్న ఒక సభ్యుని ఇంటి మేడ కుదిరింది. పిట్టగోడ ఉన్నది, లిఫ్టు ఉన్నది, ఆటో గుమ్మందాకా వస్తుంది. ఈశాన్య ఋతుపవనాల వానలు వెలిసి, సంక్రాంతి వెళ్ళిన తరువాతి ఆదివారం మొదలు శనివారం వరకు, ఉదయం ఆరున్నరనుంచి ఏడున్నరదాకా తరగతి. శిక్షకురాలు ఒక తమిళ సోదరి. “వారంలో ఇరవైనాలుగూ రావు, ఎనిమిది చాలు” అన్నారామె. ఆమె పారితోషికం, ఇడ్డెనలు, కాఫీ అన్నీ కలిపి తలకు 600 రూపాయలని గుమాస్తా బుద్ధితో మేము లెక్కకట్టాము.

అంతా సిద్ధమనుకొన్న సమయానికి, ఆ వీధిలోనే ఉంటున్న బాబాయిగారు ఒకరు కబురుపెట్టారు. 2015 డిసెంబరులో చెంబరంబాకం చెరువునుంచి వదలిన నీరూ, ఎడతెగని వానా కలిసి అడయారు పొంగినప్పుడు, ఆయన ఇంట్లోకి ఛాతీలోతు నీళ్ళు వచ్చాయి. పెళ్ళినాటి ఫోటోలు, తండ్రిగారి ఉత్తరాలు సమస్తమూ పోయినవి. “ఏ నీరు నా ఇల్లు ముంచిందో, ఆ నీటికెదురుగా నిలబడి నన్ను చేతులాడించమంటారా?” అన్నారు.

మాకు జవాబు తోచలేదు. త్యాగరాయనగరులో ఏదైనా హాలు చూద్దామా అన్నారు మాలో ఒకరు. అద్దె సంగతి అటుంచి, నాలుగు గోడల మధ్య భయం పోతుందా అన్నారు మరొకరు. తేలలేదు.

మొన్న ఆదివారం శిక్షకురాలు మేడమీద మాకు “మేఘాల్లా చేతులు” అనే భంగిమ చూపిస్తుండగా, మెట్లవైపు ఎవరో దగ్గారు. చూతుము గదా, బాబాయిగారు! నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి చివరిదాకా చూచారు. మేము ఏమీ అడగలేదు. వెళ్ళబోతూ ఆయనే అన్నారు: “నాకొక కుర్చీ వెయ్యండర్రా. గోడవైపు తిప్పి వెయ్యండి. నాలుగోరోజుకో అయిదోరోజుకో ఏటివైపు నేనే తిప్పుకొంటాను.”

ఆ కుర్చీతో కలిపి ఇప్పటికి ఇరవైమూడు అయినవి. రాదలచినవారు వదులైన నూలుబట్టలు, చదునైన అడుగున్న చెప్పులు చూచుకోవాలి. మోకాళ్ళు, గుండె బాధలున్నవారు తమ డాక్టరుగారిని ముందుగా అడిగి రావాలి. పెద్దమ్మగారు ఇంకా వస్తామని చెప్పలేదు. ఆమెకోసం పిట్టగోడ పక్క చోటు అట్టే ఉంచాము.