జాక్ రాబిట్‌లో చివరి సీటు

మొన్న శనివారం పిట్స్‌బర్గ్ దగ్గరి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో దర్శనమయ్యాక, కింద క్యాంటీన్‌లో పులిహోర కోసం లైన్లో నిలబడ్డాం. మా ముందున్న పెద్దాయన ఇరవై ఏళ్లుగా తెలిసినవారే. ఆప్యాయంగా మా అబ్బాయి భుజం మీద చెయ్యేసి, "వేసవి సెలవుల్లో ఏం చేస్తున్నావు నాన్నా?" అని అడిగారు. "కెన్నీవుడ్‌లో జాబ్ అంకుల్, పొటాటో ప్యాచ్‌లో" అన్నాడు వాడు. చెప్తున్నప్పుడు వాడి మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. ఆయన కాసేపు ఆలోచించారు. వాడిని వదిలేసి నావైపు తిరిగి, "దానివల్ల ఏమొస్తుందమ్మా?" అన్నారు.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. గిన్నెలు తోముతున్నా అదే, పడుకున్నా అదే. అమెరికాకి వచ్చినప్పటినుంచీ మనవాళ్లు నలుగురు కూడినచోటల్లా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. పిల్ల వయొలిన్ వాయిస్తే ఏమొస్తుంది, పిల్లాడు పిట్టల్ని చూస్తూ తిరిగితే ఏమొస్తుంది, బొమ్మలేస్తే ఏమొస్తుంది. స్పెల్లింగ్ బీకి వెళ్తే మాత్రం ఎవరూ అడగరు. మ్యాథ్ ఒలింపియాడ్ అంటే చాలు, అడక్కుండానే అందరికీ అర్థమైపోతుంది.

కెన్నీవుడ్ గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. అదొక వినోదాల పార్కు. పిట్స్‌బర్గ్ పక్కనే, వెస్ట్ మిఫ్లిన్‌లో, మొనంగహీలా నది ఒడ్డున గట్టు మీద ఉంటుంది. 1898లో ఒక ట్రాలీ కంపెనీవాళ్లు పెట్టారు, సెలవు రోజున కూడా జనం ట్రాలీ ఎక్కాలని. ట్రాలీలు ఎప్పుడో పోయాయి, పార్కు మిగిలింది. 1987లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. జాక్ రాబిట్ అనే చెక్క రోలర్‌కోస్టర్ 1920 నాటిది. వందేళ్లు దాటినా పాడైన చెక్క తీసి కొత్త చెక్క వేసుకుంటూ ఇంకా నడుపుతున్నారు. ఈ చుట్టుపక్కల చాలా బడులకి ఏడాదికో రోజు అక్కడ పిక్నిక్. తాతలు ఎక్కిన బండే మనవలూ ఎక్కుతారు. ఊరి భాషలోకి కూడా ఎక్కిపోయిందది. ఎవరికైనా ప్యాంటు జిప్పు ఊడి ఉంటే, ఇక్కడివాళ్లు చెవిలో "కెన్నీవుడ్ తెరిచారు" అంటారు. మావాడు రెండో తరగతిలో ఈ మాట నేర్చుకొచ్చి చెప్పినప్పుడు, మా ఊళ్లో "పోస్టాఫీసు తెరిచి ఉంది" అనేవాళ్లమని నేను చెప్పాను. ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

మావాడు మొదటినుంచీ మాటలు తక్కువ మనిషి. గాజువాక నుంచి మా అమ్మానాన్నలు ఫోన్ చేస్తే, "బాగున్నావా? బాగున్నాను. తిన్నావా? తిన్నాను" అనేసి ఫోన్ నా చేతిలో పెట్టి పారిపోయేవాడు. బళ్లో టీచర్లు ప్రతి ఏడూ ఒకటే రాసేవారు, తెలివైనవాడే కానీ నోరు విప్పడని. అలాంటివాడు కెన్నీవుడ్ నుంచి వచ్చిన రోజున మాత్రం ఆపకుండా మాట్లాడేవాడు.

తొమ్మిదేళ్లప్పటి సంగతి. కుట్టుమిషను దగ్గర నా కొలతల టేపు కనబడలేదు. ఇల్లంతా వెతికితే వీడి గదిలో నేలమీద ఉంది, ఒక మెలిక తిప్పి రెండు చివరలూ కలిపి క్లిప్పు పెట్టి. దాని మీద ఒక ఎర్ర కారు బొమ్మను మెల్లగా తోస్తున్నాడు. "అమ్మా, రేసర్‌కి రెండు పట్టాలు లేవు, ఒకటే పట్టా!" అన్నాడు. రేసర్ 1927లో కట్టిన చెక్క కోస్టర్. రెండు రైళ్లు పక్కపక్కన పందెం పరిగెడతాయి. ఎడమ వైపు ఎక్కినవాళ్లు తిరిగొచ్చేసరికి కుడివైపు దిగుతారు. ఎన్నోసార్లు దాన్ని చూసినా నా బుర్రకెప్పుడూ తట్టలేదు. వాడు గమనించాడు, రాత్రంతా ఆలోచించాడు, నా టేపు తీసుకుని తేల్చుకున్నాడు. కారు టేపు పొడుగునా పోయి, మెలిక దాటి, అవతలి వైపు తేలింది. దాన్ని మోబియస్ పట్టీ అంటారని వాడికి అప్పటికి తెలియదు.

ఆ రోజు నేనేమన్నానో దాచకుండా చెప్పాలి. "బానే ఉంది గానీ కూమాన్ లెక్కల షీట్లు అయ్యాయా?" అన్నాను. వాడు క్లిప్పు తీసేసి టేపు చుట్టి నా చేతికిచ్చాడు. పెద్దాయన అన్న మాటే ఈ నోటితో నేనూ అన్నాను. ఇంత బాధ అందుకే.

అయినా మనవాళ్లని నేను తప్పుపట్టలేను. రెండు సూట్‌కేసులతో దిగినవాళ్లం. వీసా కాగితం చేతిలో పట్టుకుని, ఉద్యోగం ఊడితే ఎన్ని రోజులుండొచ్చో లెక్కేసుకుంటూ పిల్లల్ని కన్నవాళ్లం. జీతంలో ఒక భాగం ఊళ్లో అప్పులకి, చెల్లెలి పెళ్లికి. ఆ లెక్కలో ఆటకి చోటెక్కడ? ఇక్కడివాళ్లు నాలుగు తరాలుగా పాతుకుపోయి ఉన్నారు కాబట్టి పిల్లల్ని ఆడనిస్తారు. మనవాళ్లది ఆశ అనుకుంటారుగానీ అది భయం. ఆ భయం పిల్లల మీద ప్రేమలోంచే పుడుతుందని తెలుసు. తెలిసీ కోపం వస్తోంది.

కెన్నీవుడ్‌లోని ఇంకో కోస్టర్, థండర్‌బోల్ట్ సంగతికి వస్తాను. 1924లో పిప్పిన్ అనే పేరుతో కట్టారు. 1968లో మార్చి ఇప్పటి పేరు పెట్టారు. చాలా కోస్టర్లు ముందు గొలుసు మీద కొండెక్కి తర్వాత దిగుతాయి. ఇది స్టేషను దాటీ దాటగానే లోయలోకి దిగిపోతుంది, ఎక్కడం ఎప్పుడో మధ్యలో. మలుపుల్లో ఒకరి మీద ఒకరు పడేంత ఊపు. అందుకని దానికో షరతు ఉంది. ఒంటరిగా ఎవరినీ ఎక్కనివ్వరు, పక్కన జోడీ ఉండాలి. మావారికి శనివారాలు కూడా డ్యూటీ. నాకు మెడనొప్పి, రంగులరాట్నం మీద కూర్చున్నా కళ్లు తిరుగుతాయి. వీడికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ లేరు. రెండేళ్లపాటు వాడు ఆ కంచె పట్టుకుని చూసి వెనక్కి వచ్చేవాడు.

పదకొండో ఏట, ఓ రోజు బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. లైన్లో ఒక ముసలాయన ఒంటరిగా నిలబడ్డాడు. తెల్లజుట్టు, మోకాళ్లదాకా తెల్లమేజోళ్లు. మావాడు రెండడుగులు వేశాడు, ఆగాడు. షూ లేసు ఊడకపోయినా వంగి మళ్లీ కట్టుకున్నాడు. లేచి ఆయన దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, వినబడలేదని. వీడు రెండోసారి గట్టిగా అడిగాడు. అది నాదాకా వినిపించింది. "నాకు జోడీ లేరు, మీరు నాతో ఎక్కుతారా?" టీచర్లంతా ఐదేళ్లు ప్రయత్నించినా బయటికి రాని గొంతు ఆ లైన్లో బయటికి వచ్చింది.

ఇద్దరూ వరసగా మూడుసార్లు ఎక్కారు. దిగాక ఆయన నా పక్కన కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. నదికి అవతల బ్రాడక్‌లో పొగగొట్టాలు కనబడుతున్నాయి. అవేమిటని వీడు అడిగితే, ఎడ్గర్ థామ్సన్ స్టీలు ప్లాంటు అని, 1875లో ఆండ్రూ కార్నెగీ మొదలుపెట్టిందని, తానూ అక్కడే పనిచేసి రిటైరయ్యానని చెప్పాడు. షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికి వచ్చేవాళ్లమన్నాడు. మావాడు నన్ను చూశాడు. తర్వాత ఆయన్ని చూసి, "మా తాత కూడా స్టీలు తయారుచేశారు" అన్నాడు. ఎవరో చెప్పమంటే చెప్పిన మాట కాదది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మా నాన్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసు మనిషి. ఆ రాత్రి ఫోన్ వాడే అడిగి తీసుకున్నాడు. "తాతా, ఇక్కడ స్టీల్ ప్లాంటులో రెండు ఫర్నేసులున్నాయి, మీకెన్ని?" "మావి మూడురా బాబూ. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నేను గోదావరి మీద చేశాను." ఫర్నేసులకి పేర్లుంటాయని విని వాడు ఎగిరి గంతేశాడు. ఇక్కడివాటికి నంబర్లే మరి. "అది సరే గానీ, ఆ చెక్క రైలు అంత జోరుగా దిగితే పట్టా మీంచి లేచిపోదేటిరా?" అని నాన్న అడిగారు. పట్టా కింద కూడా ఒక చక్రం ఉంటుందని, అది లేవనివ్వదని, జాన్ మిల్లర్ అనే ఇంజనీరు కనిపెట్టాడని, జాక్ రాబిట్, రేసర్ ఆయన గీసినవేనని వీడు నలభై నిమిషాలు చెప్పాడు, వచ్చీరాని తెలుగులో. "అండర్ వీల్" అని వాడంటే, "అడుగు చక్రం అను" అని నాన్న దిద్దారు. ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే వాళ్లిద్దరి ఫోన్ల మధ్యకి నేను పోను.

వందేళ్ల చెక్క బండిని వీళ్లు ఇంత భద్రంగా కాపాడుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. వెంటనే మనసు అడ్డం తిరుగుతుంది. మన అనకాపల్లి నూకాలమ్మ జాతరకి ఎవరు ఏ ఫలకం తగిలించారు? కొత్త అమావాస్య వస్తే ఇప్పటికీ ఊరు ఊరంతా కదలి వస్తుంది. కెన్నీవుడ్‌లో 1927 నాటి రంగులరాట్నం ఉంది, గుర్రాలతోపాటు ఒక సింహం, ఒక పులి కూడా చెక్కి పెట్టారు. రంగులు నిగనిగలాడతాయి. జాతరలో మా రంగులరాట్నానికి నాలుగే గుర్రాలు, ఒకదానికి చెవి లేదు. తిప్పేవాడు లుంగీ ఎగ్గట్టి చేతులతో తోసేవాడు. రెండింటికీ పోలికేం లేదు, నేను పోల్చడం మానేశాను. చెవిలేని గుర్రం మాత్రం మనసులోంచి పోదు. నైట్ షిఫ్టు దిగిన నాన్న నిద్రకళ్లతో నన్ను దానిమీద కూర్చోబెట్టారు. దిగనని ఏడిస్తే జేబు తడుముకుని ఇంకో రూపాయి తీసిచ్చారు. తర్వాత బెల్లం జీళ్లు కొనడానికి డబ్బులు చాల్లేదు. దుమ్ము, పువ్వులు, వేపాకు, జీళ్ల వాసన. దానివల్ల ఏమొస్తుందని మా నాన్న నన్ను అడగలేదు. ఐదో తరగతి చదివి, ఫర్నేసు వేడికి మొహం కమిలిన మనిషి ఆ ప్రశ్న అడగలేదు. పెద్ద చదువులు చదివి, ఇంత దూరం వచ్చి, నేను అడిగాను.

ఇప్పుడు వాడికి పదిహేడు. పొటాటో ప్యాచ్‌లో పని. తొక్కతోనే తరిగి వేయించి, పైన చీజ్ పోసిన ఆలూ ముక్కలు. వాటికోసం జనం ఎండలో బారులు తీరతారు. రాత్రి ఇంటికొచ్చేసరికి చొక్కా అంతా నూనె వాసన, విశాఖ బీచ్‌రోడ్డు బజ్జీల బండి గుర్తొస్తుంది నాకు. మోచేతి దగ్గర చిన్న కాలిన మచ్చ. తప్పిపోయి ఏడుస్తున్న పిల్లని అమ్మ దగ్గరికి చేర్చిన రోజూ, అకారణంగా అరిచిన కస్టమర్‌కి గొంతు పెంచకుండా జవాబిచ్చిన రోజూ అన్నం తింటూ చెప్తాడు. వాడి గదిలో గోడ పొడుగునా ఐస్‌క్రీం పుల్లలతో కట్టిన థండర్‌బోల్ట్ ఉంది, మూడేళ్ల నుంచి కడుతూనే ఉన్నాడు. లోయ కోసం పాత చీర అడిగాడు. నా ఆకుపచ్చ వెంకటగిరి ఇచ్చాను.

అడిగేవాళ్లలో రెండో రకం ఉన్నారు. వాళ్ల మాట ఇంకా నొప్పిగా ఉంటుంది నాకు. "అరే, ఇది కాలేజీ అప్లికేషన్ ఎస్సేకి భలే పనికొస్తుంది! రోలర్‌కోస్టర్లు, ఇంజనీరింగ్, తాత స్టీల్ ప్లాంట్, అన్నీ కలిపి రాయించండి" అంటారు. నాకూ ఆశ పుట్టింది, వాడితో అన్నాను. వాడు పుల్లలకి జిగురు రాస్తూ, తలెత్తకుండా, "వద్దమ్మా. అది వాళ్లకివ్వను" అన్నాడు. ఎస్సే వేరే విషయం మీద రాశాడు. ఏం రాశాడో కూడా నేను అడగలేదు.

క్యాంటీన్‌లో ఆ పెద్దాయన ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తున్నాను. ఏమీ రాదండీ. రానక్కర్లేదు. వాడి దగ్గర మనం లెక్కగట్టని వస్తువు ఒక్కటైనా ఉండనివ్వండి.

ఈసారి గుడిలో కనబడితే వాడిని దయచేసి ఇంకో ప్రశ్న అడగండి. జాక్ రాబిట్‌లో ఏ సీటు బాగుంటుందని అడగండి. చివరి సీటు అని చెప్తాడు. ఎందుకో కూడా చెప్తాడు, ఓ అరగంట తీరిక చేసుకుని వినండి.