సేదరపేట్‌లో ఒక గారడి సాయంత్రం

ఉద్యోగరీత్యా మేము చూసిన ఊళ్ళు అనేకం. వానిలో చాలావాటి విషయంలో మాకు మిగిలిన జ్ఞాపకం కర్మాగారపు గేటు, వసతిగృహపు మంచం, తిరుగు రైలు వేళ మాత్రమే. పుదుచ్చేరి పట్టణానికి వాయవ్యంగా, మైలం వెళ్ళే రోడ్డు మీద ఉన్న సేదరపేట్ కూడా అటువంటి ఊరే కావలసినది. కాని 1998లో అక్కడ గడిపిన ఒక సాయంత్రం మా వృత్తికి ఒక పాఠం నేర్పినది. గత సంవత్సరం మరల ఆ ఊరు వెళ్ళే అవకాశం రాగా, ఆ ముచ్చట పాఠక మిత్రులతో పంచుకొనవలెనని అనిపించినది.

పుదుచ్చేరి ఒకే ముక్కగా ఉన్న ప్రదేశం కాదు. ఫ్రెంచివారి పాలనలోని గ్రామాలు, ఆంగ్లేయుల గ్రామాలు ఒకదానిలో ఒకటి చొచ్చుకొని ఉండేవి. 1954 నవంబరు 1న ఫ్రెంచి పరిపాలన ముగిసినది గాని ఆ హద్దులు నేటికీ అట్లే ఉన్నవి. బస్సులో కూర్చున్న ప్రయాణికునికి తాను ఏ క్షణాన తమిళనాడులో ఉన్నాడో, ఏ క్షణాన పుదుచ్చేరిలో ఉన్నాడో తెలియదు. మన గోదావరి తీరపు యానాం కూడా ఈ పాలన కిందిదే కనుక, అక్కడి కార్యాలయాల బోర్డులలో తెలుగు అక్షరాలు కనిపించినప్పుడు మాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. సేదరపేట్‌ను స్థానికులు సేదరాపట్టు అంటారు. దాపుననే తిరువక్కరైలో సుమారు 2 కోట్ల సంవత్సరాల నాటి చెట్లు శిలలై పడి ఉన్నవి. చూచుటకు కట్టె; తాకితే రాయి. కన్ను చెప్పినదే సత్యం కాదని ఆ ప్రాంతం ముందే హెచ్చరించినట్లున్నది.

అప్పుడు మేమిద్దరము తనిఖీ ఇంజనీర్లము. పారిశ్రామికవాడలోని ఒక చిన్న యూనిట్‌లో మా సంస్థ పంపులకు కావలసిన 400 గన్‌మెటల్ బుష్‌లు సిద్ధమైనవి. యజమాని మమ్ము సాదరంగా ఆహ్వానించి, తెల్లని గుడ్డ పరచిన బల్ల మీద 20 బుష్‌లు పేర్చి ఉంచాడు. ప్లగ్ గేజ్‌తో అన్నింటినీ పరీక్షించాము. ఒక్కటీ తప్పలేదు. ధ్రువపత్రం రాసి, మరునాటి ఉదయం టైపు చేయించి సంతకం పెట్టవచ్చునని సంచిలో పెట్టుకొని బయలుదేరాము.

బస్సు రావడానికి గంట వ్యవధి ఉన్నది. చింతచెట్టు కింద ఒక వృద్ధుడు గోనెపట్టా పరచుకొని కూర్చుని ఉన్నాడు. మనుమడు కాబోలు, ఒక పిల్లవాడు డోలు వాయిస్తున్నాడు. వృద్ధుని ముందు బొడిపె గల మూడు చిన్న గిన్నెలు, గుడ్డతో చుట్టిన నాలుగు ఉండలు, ఒక పొట్టి కర్ర. అంతే అతని సామగ్రి. ఉండ ఈ గిన్నె కింద పెట్టితే ఆ గిన్నె కింద తేలుతున్నది. కొలతలతో పని చేసే వారమని గర్వం గల మేము, రెండడుగుల దూరంలో కూర్చుని కన్నార్పక చూశాము. మూడుమార్లు మేము చూపిన గిన్నె ఖాళీగానే ఉన్నది. మా మాటలు విని అతడు నవ్వి, "సామీ, తెలుగోళ్ళా? మా తాతలది చిత్తూరు పక్క" అన్నాడు. ఇది ఎట్లా సాధ్యమని అడిగాము. విద్య చెప్పలేదు గాని ఒక మాట చెప్పాడు: "నేను చూపించిన చోటే మీరు చూస్తిరి సామీ. మీరుగా ఒక చోటు చూడనే లేదే!"

ఈ విద్యకు గల చరిత్రను ఇచట కొంత చెప్పవలసి ఉన్నది. గారడి, ఇంద్రజాలం, కనికట్టు, హస్తలాఘవం అని మనకు ఇన్ని పేర్లుండుటయే దీని ప్రాచీనతకు నిదర్శనం. మన విప్రవినోదుల ప్రస్తావన విజయనగర కాలపు శాసనాలలో సైతం ఉన్నది. రామో సామీ అని ఆంగ్లేయులు పిలిచిన మన దేశపు గారడివాడు లండన్‌లో ప్రదర్శనలిచ్చి 1850లో అక్కడనే కాలం చేశాడు. 1830 ప్రాంతంలో మద్రాసులో శేషాల్ అనే వృద్ధుడు, నిలువు కర్ర మీద ఒక చేయి మాత్రం ఆనించి గాలిలో పద్మాసనం వేసుకొని కూర్చున్నాడని ఆనాటి ఆంగ్ల పత్రికలు రాసినవి. 1847లో పారిస్‌లో రాబర్ట్ హుడిన్ తన కుమారుని ఒక్క కర్ర ఆధారంగా గాలిలో పరుండబెట్టి, ఇది ఈథర్ మహిమ అన్నాడు.

ఇరువదవ శతాబ్ది ఆరంభం నాటికి ఈ విద్య పెద్ద రంగస్థలానికి ఎక్కినది. 1901లో లండన్‌లోని ఈజిప్షియన్ హాలులో మాస్కెలిన్, కనుపించే ఆధారమేదీ లేకుండానే మనిషిని పైకి లేపాడు. 1904లో అమెరికాలో కెల్లర్ అదే తరహా ప్రదర్శనకు ఒక హిందూ రాకుమారి కథ జోడించాడు. భారతదేశం పేరు చెప్పితే టిక్కెట్లు అమ్ముడుపోయే కాలమది. తాడు నిలువుగా నిలిచి పిల్లవాడు ఎక్కి మాయమయ్యే ప్రసిద్ధమైన విద్య నిజానికి 1890లో షికాగో పత్రిక ఒకటి ప్రచురించిన కట్టుకథ వలన లోకమంతా పాకినది. అది కల్పితమని ఆ పత్రికయే కొన్ని నెలలకు ఒప్పుకొన్నది. 1934లో లండన్‌లోని మ్యాజిక్ సర్కిల్, ఆ విద్యను ఆరుబయట చేసి చూపిన వారికి 500 గినీలు ఇస్తామని ప్రకటించినా ఆ బహుమానం ఎవరికీ దక్కలేదు. లేని విద్యకు ఇంత కీర్తి. ఉన్న విద్యకు చింతచెట్టు నీడ!

1922లో బ్రాన్సన్ అనే సైనికాధికారి మన గారడివారి మీద ఒక పుస్తకమే రాసి, వారు ఐరోపా వారికి సాటి రారని తేల్చాడు. ఇంజనీర్లుగా మేము ఈ తీర్పును అంగీకరించలేము. రంగస్థలం మీది వానికి తెర ఉన్నది, వెనుక గోడ ఉన్నది, పైన కప్పు ఉన్నది, దీపాలను మందగింపజేసే మనిషి ఉన్నాడు. మనవానికి నాలుగు వైపులా జనం, నెత్తిన ఎండ. ఏది కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

శేషాల్ రహస్యం మన వృత్తివారికి సుపరిచితమైన కాంటిలీవరే. నిలువు కర్రలో దాగిన లోహపు కడ్డీ, చేతి తొడుగులోగుండా దేహం కిందికి వచ్చి ఆసనంగా మారుతుంది. 60 కిలోల మనిషి కర్రకు 40 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నాడనుకొందాము. వంపు భ్రామకం 24 కిలోగ్రామ్ మీటర్లు. 25 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు సుమారు 16 కిలోలు. సాధారణ ఉక్కు దీనిని సునాయాసంగా భరిస్తుంది. పీఠం వెడల్పుగా ఉండి, గురుత్వకేంద్రం దానిపైనే పడితే ఇక పడిపోయే భయం లేదు. 1936లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ ప్రచురించిన దక్షిణదేశపు సుబ్బయ్య పులవర్ ఛాయాచిత్రాలలోనూ, గాలిలో పరుండిన మనిషి చేయి గుడ్డ చుట్టిన కర్ర మీదనే ఉన్నది. ఆ చేయి ఆశీర్వదిస్తున్నట్లు, అలవోకగా ఆనినట్లు ఉంటుంది. బరువంతా మోసే చోటు అదే. ఎవరూ చూడని చోటూ అదే.

ఇక సేదరపేట్‌కు తిరిగి వద్దాము. ఆ రాత్రి పుదుచ్చేరి వసతిగృహంలో మాకు నిద్ర పట్టలేదు. గిన్నెల సంగతి ఆలోచిస్తూ ఉండగా బల్ల మీది తెల్లని గుడ్డ గుర్తుకు వచ్చినది. ఆ 20 బుష్‌లను ఏరినది ఎవరు? మేము కాదు. యజమాని చూపిన చోటనే మేము చూశాము. ధ్రువపత్రంలో సంతకమొక్కటే మిగిలి ఉన్నది.

తెల్లవారగానే మరల వెళ్ళి, పెట్టెల అడుగు నుంచి మా చేతులతో 20 తీశాము. మూడింటిలో గేజ్ యొక్క 'నో గో' కొన తేలికగా దూరిపోయినది. యజమాని ముఖం వాడిపోయినది. విచారించగా అతడు మోసం తలపెట్టలేదని తేలినది. రాత్రి షిఫ్టులో రంధ్రం పెరిగినది, కార్మికుడు మంచివని తోచినవి పైన పెట్టాడు. సాయంత్రం వరకు 400 బుష్‌లనూ కొలిచాము. 31 తిరస్కరించవలసి వచ్చినది. రిజర్వేషన్ చేసుకొన్న రైలు వెళ్ళిపోయినది. ఆ 31 బుష్‌లలో ఏ ఒక్కటి పంపులో చేరినా షాఫ్టు ఊగులాడేది; ఆ పాపం మా సంతకానికే చుట్టుకొనేది. నాటి నుంచి నేటి వరకు నమూనాను మేమే ఏరుతాము. మా తరువాత చేరిన పిల్లలకూ ఇదే మొదటి పాఠంగా చెప్పుచున్నాము.

గత సంవత్సరం వెళ్ళినప్పుడు సేదరపేట్‌లో షెడ్లు పెరిగినవి, లారీలు పెరిగినవి. చింతచెట్టు ఉన్నది. దాని కింద మోటారు సైకిళ్ళు నిలిపి ఉన్నవి. వృద్ధుని గురించి టీ దుకాణంలో విచారించాము. గారడివాళ్ళు ఈ వైపు వచ్చి చాలా ఏళ్ళయిందన్నారు. ఆ రోజు పట్టా మీద మేము వేసినది పది రూపాయలు. అతడు మాకిచ్చిన దానికి అది చాలదని ఇంటికి చేరేలోపుగానే తెలిసినది. మరల వెళ్ళి ఇవ్వాలని అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపాము.